చింతగింజకు ఇనుప బీరువా

జొన్నాడ విశాలాక్షి తయారుచేసిన మొదటి యంత్రం బీరువా అంత ఉండేది. దాన్ని ప్రయోగశాలలోకి ఎక్కించడానికి కిటికీ చువ్వలు కోయవలసి వచ్చింది. మురుగుకాలవల్లో పుట్టే విషవాయువును పసిగట్టడం దాని పని. పసిగట్టేది కూడా. కాకపోతే మురుగుకాలవను ప్రయోగశాల దాకా తీసుకురావాలి.

అప్పటినుంచి ఆవిడ దాన్ని తగ్గిస్తూ వచ్చింది. బీరువా కుట్టుమిషనంత అయింది. కుట్టుమిషను టిఫిన్ క్యారియరంత, క్యారియరు సబ్బుపెట్టంత అయ్యాయి. పద్దెనిమిదో ఏడు తిరిగేసరికి అది చింతగింజంతకు వచ్చి ఆగింది. ఈలోగా యంత్రం ఎంత తగ్గిందో ఇంచుమించు అంత తాను పెరిగానని విశాలాక్షి అద్దం ముందు నిజాయితీగా ఒప్పుకునేది. పదార్థం ఎక్కడికీ పోదని తాను చదువుకున్న రసాయనశాస్త్రం కూడా అదే చెబుతోంది కదా.

విశాఖపట్నంలో ఒక కొండవాలున ఉంది ఆవిడ పనిచేసే సూక్ష్మ పరికరాల పరిశోధన సంస్థ. సంస్థ పేరులో ‘సూక్ష్మ’ అన్న మాట గేటు మీద ఆరడుగుల ఎత్తున ఉంటుంది. గింజ సంగతి మాత్రం నిజంగానే సూక్ష్మం. లోపల వెంట్రుకకన్నా సన్నని పూత ఒకటి, వినికిడి యంత్రాల్లో వాడే బిళ్ల బ్యాటరీ ఒకటి. విషవాయువు తగిలితే పూత గుణం మారుతుంది, గింజ కీచుమంటుంది. అంతే.

ఆ వాయువు గురించి విశాలాక్షికి పుస్తకాలు చెప్పనిది పైడయ్య చెప్పాడు. మునిసిపాలిటీ డ్రైనేజీ జట్టుకు మేస్త్రి అతను. ముప్పై ఏళ్లుగా మ్యాన్‌హోళ్లలో దిగుతున్నాడు, మనుషుల్ని దింపుతున్నాడు, ఇద్దర్ని పైకి మోసుకొచ్చాడు.

“కంపు కొడతన్నంతసేపూ బయిం నేదమ్మా,” అన్నాడు మొదటి పరిచయంలోనే. “ఉన్నట్టుండి కంపు ఆగిపోయిందనుకోండి, అప్పుడు బయిం. ముక్కు ముందు సచ్చిపోతాది. ఎనకాల మనిషి.”

గింజ తయారయ్యాక మొదట కట్టింది అతని జట్టులోని నూకరాజు బనీను మీదే. పిన్నీసుతో గుచ్చి దింపారు. నడుం దాకా దిగాడో లేదో గింజ కూసింది. తాడు పట్టి లాగేశారు. పక్క మూతలు తెరిచి, అరగంట గాలి ఆడనిచ్చి మళ్లీ దింపితే గింజ నోరెత్తలేదు. పైడయ్య గింజను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

“ఇది బాగున్నాదమ్మా. బరువు నేదు, అడ్డు నేదు. మావోలు ముప్పై ఎనిమిది మందున్నారు. తలో గింజ ఇచ్చీండి.”

“నెల తిరక్కుండా ఇస్తాను పైడయ్యా,” అంది విశాలాక్షి. ఆ మాట అనమని ఆవిణ్ణి ఎవరూ బలవంతపెట్టలేదు.

వారంలో నలభై గింజలు చేయించి స్టోర్సుకు పంపింది. మొదటి గింజను నీలం మఖ్మలు గుడ్డ మీద పెట్టి డైరెక్టరు త్రివిక్రమరావుగారి ముందుకు తీసుకెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గుడ్డను ఆ కొసనుంచి ఈ కొసకు పరిశీలించారు.

“మహాద్భుతం! మన సంస్థ చరిత్రలో ఇదొక మైలురాయి!” అని, గొంతు తగ్గించి, “ఏ మూల ఉందమ్మా?” అని అడిగారు.

విశాలాక్షి చూపించింది. పక్కనే స్టోర్సు ఆఫీసరు పరంజ్యోతి కూర్చుని ఉన్నాడు. మనిషి సాధువు. నిబంధనల పుస్తకంలో లేని మాట మాట్లాడి ఎరగడు.

“సదరు వస్తువును ఆస్తుల పట్టికలో నమోదు చేయనిదే గేటు దాటించుటకు వీలుపడదు,” అన్నాడు. “నమోదు చేయవలెనన్న వస్తువుపై దాని సంఖ్య రాయవలెను. అక్షరము ఎత్తు అంగుళమునకు తగ్గరాదు.”

సంఖ్యలో ముప్పై ఒక్క అక్షరాలున్నాయి. గింజ మీద ఒక అక్షరానికి తలకట్టు పెట్టడానికి కూడా చోటు చాలదు.

“నిబంధన సడలించలేమా?” అంది విశాలాక్షి.

“సడలింపునకు దరఖాస్తు చేయవచ్చును. దరఖాస్తుపై వస్తువు సంఖ్య తప్పనిసరి.”

అప్పుడు ఆవిడకే తట్టింది ఆలోచన. “పోనీ, సంఖ్యను ఒక రేకు మీద రాసి, ఆ రేకును గింజకు తగిలిస్తే?”

పరంజ్యోతి పుస్తకం తిరగేశాడు. అభ్యంతరం కనబడలేదు. డైరెక్టరుగారు శాస్త్రజ్ఞుల బుర్రే బుర్ర అన్నారు. విశాలాక్షి మెలికలు తిరిగింది. రేకు మూడడుగులు వచ్చింది.

మూడడుగుల రేకుకు వేలాడుతున్న గింజను గేటు దగ్గర భద్రతాధికారి ఆపాడు. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. రేకును వదిలేసి గింజను చూశాడు.

“జేబులో పట్టే వస్తువు చోరీకి అనువైన వస్తువు మేడమ్. అటువంటి వస్తువును నలభై కిలోలకు తగ్గని మరొక వస్తువుకు గొలుసుతో బంధించి ఉంచాలి. ఆర్డరుంది.”

“నలభై కిలోల వస్తువంటే ఏదైనా సరేనా?”

“అది మీ విచక్షణ.”

విచక్షణ అన్న మాటకు విశాలాక్షి ఎప్పుడూ లొంగిపోతుంది. ఇనుప స్టాండు ఒకటి స్వయంగా గీసి ఇచ్చింది. పరికరం ఆచరణలో పనికిరావాలన్నది తన సిద్ధాంతం కనుక దానికి చక్రాలు కూడా పెట్టించింది. చక్రాలుండేసరికి రవాణా విభాగం నుంచి కాగితం వచ్చింది: చక్రాలు గల సంస్థ ఆస్తికి బ్రేకు, హారను, వెనకాల ఎర్ర దీపం ఉండవలెను. అవీ పెట్టించింది. హారను మంచిది దొరికిందని మురిసిపోయింది కూడా.

సరిగ్గా నెల తిరిగిన రోజున డైరెక్టరుగారు స్టాండు చుట్టూ ప్రదక్షిణం చేశారు.

“అంతా దివ్యంగా ఉందమ్మా. కానీ ఆవిష్కరణ అంటే ఏమిటి? ఆవిష్కృతం కావాలి. అంటే కనబడాలి. రేపు ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తారు. వారు ఏమి వీక్షించవలెను? ఒక తెర ఉండాలి. మూడు భాషలలో ఫలితం ప్రకటించాలి.”

తెర పెట్టారు. తెరకు కరెంటు నిలకడగా అందడానికి స్టెబిలైజరు పెట్టారు. స్టెబిలైజరు వేడెక్కింది, ఫ్యాను పెట్టారు. ఫ్యాను గాలికి విషవాయువు గింజ దాకా రాకుండా చెదిరిపోవడం మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆగి ఆలోచించేవారు. విశాలాక్షి ఆగలేదు, ఆలోచించింది. వాయువును గొట్టంతో లాగి, పంపుతో నొక్కి, ఫ్యాను గాలి సోకకుండా నేరుగా గింజ మూతి మీద వదిలే ఏర్పాటు మూడు రోజుల్లో కనిపెట్టింది. తన పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో అంత చక్కని పని చెయ్యలేదనిపించింది. దాని మీద వ్యాసం రాసి పత్రికకు పంపింది. వ్యాసం అచ్చయింది. పదోన్నతి వచ్చింది.

అన్నిటినీ కలిపి దుమ్ము పడకుండా ఇనుప పెట్టెలో బిగించారు. దాన్ని ఆఖరి పరీక్షకు ప్రయోగశాలకు తీసుకొచ్చిన రోజున వడ్రంగి గుమ్మం కొలిచాడు, పెట్టెను కొలిచాడు, తల గోక్కున్నాడు.

“మేడమ్, కిటికీ చువ్వలు కొయ్యాల.”

విశాలాక్షి కిటికీ వైపు చూసింది. చువ్వలకు పాత అతుకులు ఇంకా కనబడుతున్నాయి. నాలుగు నెలల్లో తాను పద్దెనిమిదేళ్లు వెనక్కి నడిచి వచ్చేసిందని, దారిలో ఒక్కచోట కూడా ఎవరూ తనను నెట్టలేదని అప్పుడు అర్థమైంది. నవ్వు వచ్చింది. వడ్రంగి ముందు బాగుండదని దగ్గు కింద మార్చింది. “కోసెయ్యి,” అంది.

మరునాడు పైడయ్య వచ్చాడు. నెల తిరక్కుండా అన్న మాట పుట్టి అయిదో నెల నడుస్తోంది. అతను దాని ఊసెత్తలేదు. యంత్రం ముందు నిలబడి పైకీ కిందికీ చూశాడు.

“గింజేదమ్మా?”

“లోపల ఉంది పైడయ్యా.”

“లోపలున్నాదా? మావూ లోపలే ఉంటాం గదమ్మా. మరిది మాకాడికెలగొస్తాది?”

“గొట్టం ఉంది. పన్నెండడుగులు.”

“ఈ బండి మా సందుల్లోకి దూరదు గదా?”

“దూరదు. హారను మాత్రం బాగా మోగుతుంది,” అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

పైడయ్య నవ్వలేదు. “సేపల మార్కెట్టు సందులో బాగా అడ్డుపడిపోనాదమ్మా. ఎల్లుండి పొద్దున్న నూకరాజుని దింపమంతన్నారు. ఆ కుండీ మంచిది కాదు. మూత తీసినా కంపు రావట్నేదు. ఆ గింజలు నలభై సేసినారు గదా, ఒక్కటిచ్చీండి సాలు.”

నలభై గింజలూ స్టోర్సులో తాళం కింద ఉన్నాయి, మూడడుగుల రేకులు నలభై వచ్చేదాకా. విశాలాక్షి స్టోర్సుకు పరుగెత్తింది. సంఖ్య రాయని వస్తువును స్టోర్సునుండి విడుదల చేయుట లేదని పరంజ్యోతి విచారంగా చెప్పాడు. ఆవిడ ఆటో ఎక్కి మునిసిపల్ ఇంజనీరు దగ్గరకు వెళ్లింది.

ఇంజనీరు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఓపిగ్గా విన్నాడు.

“మేడమ్ గారూ, మా రికార్డుల ప్రకారము మ్యాన్‌హోళ్లలోనికి మనుషులు దిగుట నిషిద్ధము. నిషిద్ధము కావున జరుగుట లేదు. జరగని పనికి రక్షణ పరికరము కోరినచో జరుగుచున్నట్లు మేమే ఒప్పుకున్నట్లగును. అప్పుడు మేము చట్టమును ఉల్లంఘించినవారమగుదుము. తమరు మమ్ములను ఉల్లంఘించమందురా?”

ఇంతలో ఫోను మోగింది. “ఆ, ఎల్లుండే! పొద్దున్నే దింపేయండయ్యా, కంప్లైంట్ల మీద కంప్లైంట్లు వస్తున్నాయి,” అని పెట్టేశాడు.

“ఎవర్ని దింపడం?” అంది విశాలాక్షి.

“సామగ్రిని,” అన్నాడు ఇంజనీరు.

ఎల్లుండే యంత్రం ప్రారంభోత్సవం కూడా. ఊళ్లో ఏ మ్యాన్‌హోలు దగ్గరకూ బండి వెళ్లదని తేలడం వల్ల సంస్థ పచ్చిక మీదే కొత్త మ్యాన్‌హోలు ఒకటి కట్టించారు. దానికి ఏ కాలవతోనూ సంబంధం లేదు. అడుగున గులకరాళ్లు పరిచి, చుట్టూ బంతిమొక్కలు పెట్టారు.

ఆ రోజు పొద్దున్న ఆరున్నరకే విశాలాక్షి స్క్రూడ్రైవరుతో పచ్చిక దగ్గరకు వెళ్లింది. యంత్రం దగ్గర ఎవరూ లేరు. వెనక రేకు పద్నాలుగు మరలతో బిగించి ఉంది. మరలు అన్ని ఉండాలని పట్టుబట్టింది తానే. ఒక్కొక్కటీ విప్పి గడ్డి మీద వరసగా పెట్టింది. పద్దెనిమిదేళ్లలో సంతకం లేకుండా ఆవిడ చేస్తున్న మొదటి పని అది. పంపు పక్కకు జరిపి, గొట్టం మెలి తిప్పి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజను ఊడబెరికి, అన్నీ మళ్లీ బిగించింది. అరచేతిలో పెట్టుకుంటే, ఇంత చిన్నదా అనిపించింది.

తాను కబురు పెట్టి గేటు బయటకు రప్పించిన పైడయ్యకు ఇద్దామనుకుంది. భద్రతాధికారి గేటులోనే ఆపాడు. “చేతిలో ఏమిటి మేడమ్?”

విశాలాక్షికి అబద్ధం ఆడటం చేతకాదు. గుప్పిట విప్పింది. అతను గింజను ఇటూ అటూ తిప్పి చూశాడు.

“సంఖ్య ఏది?”

“లేదు.”

“సంఖ్య లేని వస్తువు సంస్థ ఆస్తి కాదు. తీసుకెళ్లండి.”

పైడయ్య గింజను జేబులో వేసుకోలేదు. గుప్పిట్లోనే బిగించి పట్టుకుని, “ఎల్తానమ్మా,” అని సైకిలెక్కాడు. ఒంటిచేత్తో తొక్కుతూ మలుపు తిరిగాడు.

పది గంటలకు పెద్దలు వచ్చారు. విశాలాక్షి వేదిక మీద మూడో కుర్చీలో కూర్చుంది. గొట్టం కొత్త మ్యాన్‌హోలులోకి దింపారు. ముఖ్య అతిథి మీట నొక్కాడు. పంపు గుర్రుమంది, ఫ్యాను తిరిగింది, ఆకుపచ్చ దీపం వెలిగింది. ‘వాయువు లేదు’ అని యంత్రం మూడు భాషల్లో గంభీరంగా ప్రకటించింది. చప్పట్లు మోగాయి.

“గమనించండి!” అన్నారు త్రివిక్రమరావుగారు మైకు అందుకుని. “వాయువును ఉన్నచోట కనిపెట్టడం ఎవరైనా చేస్తారు. లేనిచోట లేదని ఇంత కచ్చితంగా కనిపెట్టిన యంత్రం మరొకటి లేదు!”

విశాలాక్షికి శాలువా కప్పుతుండగా ఒళ్లోని ఫోను వణికింది. శాలువా చాటున చెవికి ఆనించుకుంది.

“కూసిందమ్మా,” అన్నాడు పైడయ్య. వెనకాల చేపల మార్కెట్టు గోల.

“ఎవరికీ ఏమీ కాలేదు కదా?”

“మెట్టు మీద కాలెట్టినాడో నేదో కూసీసింది. లాగీసినాం. నూకరాజు ఇక్కడే ఉన్నాడు, తిడతన్నాడు.”

“ఎవర్ని?”

“నన్నేనమ్మా. సొక్కా సిరిగిపోనాదంట.”

విశాలాక్షి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంతటి నిరాడంబరురాలో చూడండని డైరెక్టరుగారు సభకు చూపించారు. శాలువాకే ఇంత కరిగిపోతే ఇక బిరుదులిస్తే ఏమైపోతుందోనని ముఖ్య అతిథి చమత్కరించాడు. మళ్లీ చప్పట్లు.

నెల్లాళ్లకు అలాంటి యంత్రాలు మరో వంద చేయించాలని నిర్ణయమైంది. నమూనా కోసం మొదటిదాన్ని విప్పితే లోపల గింజ లేదు. విచారణ సంఘం వేశారు. ఆ క్షణం కోసం విశాలాక్షి ముందే సిద్ధమై ఉంది. తీసింది తానేనని, ఎందుకు తీయవలసి వచ్చిందో, శిక్ష దేనికైనా సిద్ధమేనని మూడు పేజీల ఉత్తరం రాసుకుంది. రెండో పేజీని తనకే నచ్చేదాకా నాలుగుసార్లు తిరగరాసింది. ఆ చోట కాస్త ఆగి చదవాలని కూడా అనుకుంది.

సంఘం ముందు ఆవిణ్ణి అయిదు నిమిషాలు కూర్చోబెట్టారు. నోరు విప్పనివ్వలేదు. అధ్యక్షత వహించిన త్రివిక్రమరావుగారు తీర్మానం చదివారు.

“సదరు గింజ ప్రారంభోత్సవ దినమున యంత్రములో లేదని నిర్ధారణ అయినది. అయినను ఆ దినమున యంత్రము నిర్దుష్టముగా పనిచేసినదనుటకు ముఖ్య అతిథితో సహా మూడు వందల మంది సాక్షులు కలరు. కావున గింజ యంత్రమునకు అనావశ్యకమైన భాగముగా తీర్మానించడమైనది. భద్రతాధికారి వాంగ్మూలమును బట్టి, దానిని తొలగించి యంత్రమును మరింత సరళీకరించిన డాక్టర్ విశాలాక్షిగారికి అభినందనలు.”

ఆవిడ ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. త్యాగానికి సిద్ధపడి వచ్చిన మనిషికి అభినందనలు దక్కితే కలిగే చిన్నతనం ఎలాంటిదో ఆవిడకు ఆ రోజు తెలిసింది. అంతలో పరంజ్యోతి లేచి నిలబడ్డాడు.

“స్టోర్సునందు అనావశ్యక భాగములు నలభై కలవు. వీటికి ఏమి గతి?”

“చెత్త కింద జమ,” అన్నారు డైరెక్టరుగారు.

“చెత్త కింద జమయినచో సంఖ్య అవసరము లేదు,” అన్నాడు పరంజ్యోతి. అతని ముఖం విచ్చుకుంది. అయిదు నెలల్లో అతను సంతోషంగా చెప్పిన మొదటి నిబంధన అది. “అయితే చెత్తను మునిసిపాలిటీ సిబ్బందికి అప్పగించి సంతకము తీసుకొనవలెను.”

“మునిసిపాలిటీలో నాకు ఒకాయన తెలుసు,” అంది విశాలాక్షి.

పైడయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పరంజ్యోతి గింజల్ని రెండుసార్లు లెక్కపెట్టి గుడ్డసంచిలో పోశాడు. ‘నలభై సంఖ్యగల చెత్త ముట్టినది’ అన్న కాగితం మీద పైడయ్య వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, సంతకం చేశాడు. భద్రతాధికారి సంచిలోకి తొంగిచూసి చెత్తేనా అన్నాడు. చెత్తే బాబూ అన్నాడు పైడయ్య.

నెల తిరిగాక ఒక సోమవారం విశాలాక్షి చేపల మార్కెట్టు సందుకు వెళ్లింది. పద్దెనిమిదేళ్లుగా మ్యాన్‌హోళ్ల గురించి రాస్తున్న మనిషి పని జరుగుతున్న మ్యాన్‌హోలు పక్కన నిలబడటం అదే రెండోసారి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. జట్టులో అందరి బనీన్ల మీదా, భుజం దగ్గర, పిన్నీసుతో గుచ్చిన గింజలున్నాయి. నూకరాజు లోపల ఉన్నాడు. తాడు పైడయ్య చేతిలో ఉంది.

“ఎలా ఉన్నాయి పైడయ్యా, బాగా పనిచేస్తున్నాయా?”

“ఈ నెల్లోనే నాలుగుసార్లు కూసినాయమ్మా. నాలుగుసార్లూ పైకొచ్చీసినాం.” తాడును కాస్త వదులు చేశాడు. ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. “ఒక్క సిక్కున్నాదమ్మా. కింద నీళ్ల జోరుకి కూత సరిగ్గా ఇనబడట్నేదు. మరి కాస్త పెద్దది సెయ్యగలరేటి?”

విశాలాక్షి గభాల్న అటూ ఇటూ చూసింది. చేపలమ్మేవాళ్లు తప్ప సంస్థవాళ్లెవరూ కనబడలేదు.

“ఏది పెద్దది?” అంది గొంతు తగ్గించి. “కూతా, గింజా?”

“కూత మాత్తరవేనమ్మా!” అన్నాడు పైడయ్య కంగారుగా. “గింజని ముట్టుకోకండి.”

ఆవిడ పక్కనే బోర్లించి ఉన్న చేపల తట్ట మీద కూర్చుంది. కూత పెద్దది చెయ్యాలంటే లోపల ఏం మార్చాలో ఆలోచించింది. గింజ కడుపులో గోరంత చోటు మిగిలి ఉన్నట్టు గుర్తు. సంచిలోంచి మూడు పేజీల ఉత్తరం తీసి, వెనక ఖాళీగా ఉన్న వైపు బొమ్మ గీయడం మొదలుపెట్టింది.